భజనలో హై-హ్యాట్: రెండు కంచు పళ్ళాల పాఠం



భజన వాద్యాల మీద మన వీడియోలు చూసిన కుర్రాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మా కాలనీ భజనలో డ్రమ్ కిట్ పెడదామనుకుంటున్నాం, హై-హ్యాట్ ఏది కొనాలి?" వీడియోలో శబ్దాలు వినిపించాను. టైమ్ సరిపోక వివరాలు వదిలేశాను. అవన్నీ ఈ పాఠంలో రాస్తున్నాను. చదివేటప్పుడు పక్కన ఒక జత తాళాలు పెట్టుకోండి. హై-హ్యాట్ గురించి సగం సంగతులు ఆ తాళాలే చెప్పేస్తాయి.

నేనుండేది ఆదిలాబాద్‌లో. శనివారం భజనలో తాళాలు వేస్తాను, మిగతా రోజుల్లో పిల్లలకు డ్రమ్స్ నేర్పిస్తాను. మాది మహారాష్ట్ర సరిహద్దు. ఒకే భజనలో తెలుగు కీర్తనా ఉంటుంది, మరాఠీ అభంగమూ ఉంటుంది. రెండింటిలోనూ మొదట చేతికి తీసుకునేవి తాళాలే. అందుకే నా పాఠం కూడా అక్కడినుంచే మొదలవుతుంది.

1. హై-హ్యాట్ అంటే ఏంటి?

ఒక స్టాండ్ మీద రెండు కంచు పళ్ళాలు, ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. కిందిది కదలదు. పైది ఒక సన్నటి కడ్డీకి బిగించి ఉంటుంది. కాలితో పెడల్ నొక్కితే పైది దిగి కిందిదాన్ని తాకుతుంది, వదిలితే లేస్తుంది. పైనుంచి పుల్లతో కొట్టొచ్చు, లేదా పుల్ల లేకుండా కాలితోనే మోగించొచ్చు.

అంటే ఇది కాలితో వేసే తాళమే. ఆకారం కూడా అదే. మధ్యలో గుబ్బ, దాని చుట్టూ వంపు, చివర అంచు. తాళానికి గుబ్బలోని రంధ్రంలో తాడు, హై-హ్యాట్‌కి అదే రంధ్రంలో కడ్డీ. తాళం వేసేవాడు మణికట్టుతో చేసే పని డ్రమ్మర్ పాదంతో చేస్తాడు.

అమెరికాలో 1920లలో డ్రమ్మర్లు నేల దగ్గరే ఉండే చిన్న పెడల్‌కి రెండు సింబల్స్ కట్టి కాలితో కొట్టేవాళ్ళు. పుల్లకు కూడా అందేలా ఆ దశకం చివర్లో దాన్ని పైకి లేపారు. పేరులో 'హై' అలా వచ్చింది. 1930లలో కౌంట్ బేసీ బృందంలో జో జోన్స్ లయ నడిపించే పనిని బాస్ డ్రమ్ నుంచి హై-హ్యాట్ మీదకు తెచ్చి పేరు తెచ్చుకున్నాడు.

సింబల్ మాత్రం అంతకంటే చాలా పాతది. ఇవాళ డ్రమ్మర్లందరికీ తెలిసిన జిల్జియన్ కంపెనీ 1623లో ఇస్తాంబుల్‌లో మొదలైంది. ఆ ఇంటిపేరుకు అర్థం 'తాళాలు చేసేవాడి కొడుకు' అని. మన ఊళ్ళలో కంచరి, కమ్మరి అన్నట్టే, అది వృత్తి నుంచి వచ్చిన పేరు.

2. కంచు ఎందుకు మోగుతుంది?

వేమన కంచును అల్పుడితో, బంగారాన్ని సజ్జనుడితో పోల్చాడని బడిలో చదువుకున్నాం. నీతి సంగతి అలా ఉంచి, లోహం సంగతి చూద్దాం. బంగారం మెత్తన. దెబ్బ తగిలితే ఆ కదలికను లోపలే మింగేస్తుంది. కంచు గట్టిది. కదలికను మింగకుండా చాలాసేపు నిలుపుకుని గాలికి అందిస్తుంది. వాద్యానికి కావాల్సింది ఆ గుణమే.

కంచు అంటే రాగి, తగరం కలిసిన లోహం. ఇత్తడి అంటే రాగి, జింకు. షాపులో రెండూ పచ్చగా మెరుస్తాయి కాబట్టి చూసి మోసపోవడం సులువు. మోగించి చూడాలి.

సింబల్స్‌లో మీకు కనిపించే పేర్లు ఇవి:

* బి20: రాగి 80 పాళ్ళు, తగరం 20. శబ్దంలో చాలా పొరలుంటాయి, చెవికి వెచ్చగా ఉంటుంది. మన దేశంలో గంటలకు, తాళాలకు వాడే మంచి కంచు కూడా దాదాపు ఇదే పాళ్ళలో ఉంటుంది.
* బి8: రాగి 92, తగరం 8. శబ్దం సూటిగా, మెరుపుగా ఉంటుంది. తక్కువ ధరవి చాలావరకు ఇవే. అలాగని బి8 అంటే నాసిరకం అనుకోకండి. రాక్ డ్రమ్మర్లు ఏళ్ళ తరబడి ఇష్టపడుతున్న పైస్టే 2002 సిరీస్ ఈ లోహంతో చేసిందే.
* ఇత్తడి: కొత్తగా నేర్చుకునేవాళ్ళ కిట్‌తో పాటు వచ్చేవి. డబ్బా మోత ఉంటుంది, త్వరగా ఆగిపోతుంది.

తగరం పెరిగేకొద్దీ కంచు గట్టిపడుతుంది, పెళుసూ అవుతుంది. 20 పాళ్ళు దాటిన కంచును చల్లగా ఉన్నప్పుడు సుత్తితో కొడితే పగులుతుంది. అందుకే ఎర్రగా కాల్చి కొడతారు, తర్వాత నీళ్ళలో ముంచుతారు. ఉక్కును కాల్చి నీళ్ళలో ముంచితే పెళుసెక్కుతుంది కదా, ఇలాంటి కంచు దానికి సరిగ్గా రివర్స్. నీళ్ళలో ముంచితే పెళుసుతనం తగ్గి, సుత్తి దెబ్బకు ఆగుతుంది. ఈ కిటుకు తెలియకుండా మంచి తాళం తయారు కాదు.

ఇక్కడ మా జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోండు గూడేలతో కలిసి బతికే ఓజా కళాకారులు మట్టి ముద్ద మీద మైనపు తీగలతో బొమ్మ అల్లి, దానిపై మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. ఒక్క అచ్చుతో ఒక్క వస్తువే. వాళ్ళు ఎక్కువగా వాడేది ఇత్తడి. దాంతో చేసిన గంటలు, గజ్జెలు, దేవతా రూపాలు ఎంతో బాగుంటాయి. "అయితే డోక్రా తాళాలు కొనొచ్చా?" అంటే, పూజగదికి తప్పకుండా కొనండి. లయ నడిపించడానికి మాత్రం సుత్తి దెబ్బ తిన్న కంచే కావాలి. పోత పోసి వదిలేసిన లోహంలో, కొట్టి బిగించిన లోహంలో మోత ఒకలా ఉండదు. సింబల్ మీద కనిపించే గుంటలు అందం కోసం పెట్టినవి కావు. ఒక్కో సుత్తి దెబ్బ ఆ పళ్ళెంలో బిగువును మారుస్తుంది, దాంతోపాటు శబ్దమూ మారుతుంది.

3. సైజు, బరువు, వంపు

ఈ మూడూ అర్థమైతే మీరు బ్రాండ్ పేరు చూడకుండానే హై-హ్యాట్ ఎంచుకోగలరు.

సైజు: 14 అంగుళాలది అందరూ వాడేది. 13 అంగుళాలది స్థాయి కొంచెం ఎక్కువ, జవాబు చురుగ్గా ఉంటుంది. 15 అంగుళాలది లోతుగా, వెడల్పుగా మోగుతుంది.

బరువు: ఒకే సైజులో పల్చనిదానికి స్థాయి తక్కువ, మృదువుగా విచ్చుకుంటుంది. మందమైనదానికి స్థాయి ఎక్కువ, పుల్ల దెబ్బ స్పష్టంగా వినబడుతుంది, మోత కూడా ఎక్కువ. సాధారణంగా జతలో పైది తేలిక, కిందిది బరువు. కింది బరువు వల్లే కాలు నొక్కినప్పుడు ఆ 'చిక్' గట్టిగా తెగి వినిపిస్తుంది.

వంపు, గుబ్బ: వంపు ఎక్కువైతే స్థాయి పెరుగుతుంది. గుబ్బ పెద్దదైతే గంటలాంటి మోత ఎక్కువ కలుస్తుంది.

మన తాళాల్లోనూ ఇవే లెక్కలు. కూచిపూడి నట్టువాంగం తాళాలు గమనించండి. జతలో ఒకటి కంచు, ఇంకొకటి ఇనుము లేదా ఉక్కు. రెండు వేర్వేరు లోహాలు కలిసినప్పుడు ప్రతి దెబ్బా తునకలా తెగుతుంది, నర్తకి పాదానికి అదే కావాలి. పైది తేలిక, కిందిది బరువు అన్న డ్రమ్మర్ల ఆలోచన కూడా ఈ దారిలోదే. ఒకేలాంటి రెండు పళ్ళాలు కాదు, ఒకదానికొకటి సరిపోయే రెండు పళ్ళాలు కావాలి.

జత కుదరడం గురించి చిన్న పరీక్ష. తాళాలు రెండూ విడివిడిగా మోగించండి. స్థాయిలో కొంచెం తేడా ఉంటే, కలిపి మోగించినప్పుడు 'వాం-వాం-వాం' అని అలలా వినబడుతుంది. ఒకటి సెకనుకు 1000 సార్లు, ఇంకొకటి 1004 సార్లు కంపిస్తే ఆ అల సెకనుకు నాలుగుసార్లు వస్తుంది. నెమ్మది భజనలో ఇది హాయిగా ఉంటుంది. తేడా మరీ ఎక్కువైతే గరగరమంటుంది.

4. హై-హ్యాట్ పలికే ఐదు శబ్దాలు

మా క్లాసులో పిల్లలకు జతులు చెప్పినట్టే నోటితో చెప్పిస్తాను. నోటితో రానిది చేతికి రాదు.

* 'చిక్': కాలితో మాత్రమే మూసినప్పుడు. పొట్టిగా, పొడిగా ఉంటుంది. తాళాలను అంచులతో నొక్కిపట్టి కొట్టినట్టు.
* 'టిక్': మూసి ఉంచి పైన పుల్ల మొనతో కొట్టినప్పుడు.
* 'చ్చ': మూసి ఉంచి పుల్ల ఒంటితో అంచు మీద కొట్టినప్పుడు. బరువైన శబ్దం.
* 'ఛ్ష్ష్': సగం తెరిచి కొట్టినప్పుడు. రెండు పళ్ళాలూ ఒకదానినొకటి రాసుకుంటూ కాగే నూనెలో ఆవాలు వేసినట్టు మోగుతాయి. రాక్ పాటల్లో వినిపించేది ఎక్కువగా ఇదే. భజనలో గొడవ తెచ్చేదీ ఇదే.
* 'ఛాఁ': కాలితో రెండింటినీ తాకించి వెంటనే వదిలేసినప్పుడు. ఇది అచ్చంగా మన తాళం తెరిచి వేసే దెబ్బ.

తాళాల్లో మనం వాడేది ప్రధానంగా రెండే, మూసిన దెబ్బ, తెరిచిన దెబ్బ. అంటే మొదటిదీ చివరిదీ. కాలితోనే వచ్చే ఆ రెండు శబ్దాలూ శుభ్రంగా వస్తే సగం భజన నడిపించేయొచ్చు. పుల్ల అవసరం తర్వాత.

5. గాలి చిక్కుకుంటే

కొత్తవాళ్ళు తరచూ చెప్పే కంప్లైంట్: "కాలు నొక్కితే చిక్ రావట్లేదు, బుస్ మంటుంది." కారణం గాలి. రెండు అంచులూ చుట్టూ ఒకేసారి సమంగా తాకితే మధ్యలోని గాలి బయటికి పోలేదు. ఆ గాలి దిండులా పనిచేసి దెబ్బను మింగేస్తుంది.

తాళం వేసే మా పెద్దవాళ్ళు ఈ సంగతి చదవకుండానే తెలుసుకున్నారు. వాళ్ళ చేతులు చూడండి. రెండు తాళాలనూ ఎదురెదురుగా చప్పట్లు కొట్టినట్టు కొట్టరు. ఒకదాని అంచు ఇంకొకదాని మీద కొంచెం పక్కకు జారేలా వేస్తారు. హై-హ్యాట్ స్టాండ్‌లో కింది పళ్ళెం కింద ఉండే చిన్న స్క్రూ చేసేది కూడా ఇదే. దాన్ని తిప్పితే కిందిది ఒక వైపుకు కొద్దిగా వాలుతుంది, గాలికి దారి దొరుకుతుంది. కంపెనీలు ఇంకో రకంగానూ ఆలోచించాయి. పైస్టే సౌండ్ ఎడ్జ్‌లో కింది అంచును అలల్లా వంచారు. జిల్జియన్ క్విక్ బీట్‌లో కింది పళ్ళేనికి రంధ్రాలు పెట్టారు. మీ స్టాండ్‌కి స్క్రూ ఉంటే చాలు, ముందు దాన్ని తిప్పి చూడండి.

6. దేవుని పేరు వినబడాలి

ఇప్పుడు అసలు సంగతి. మా మండలిలో ఒక కుర్రాడు ఇష్టంగా కొత్త కిట్ తెచ్చుకున్నాడు. వాయించడం కూడా బాగానే వాయించాడు. రెండు వారాల్లో ముందు వరసలో కూర్చునే పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ఎవరూ ఏమీ అనలేదు. చివరికి ఎప్పుడూ కీర్తన ఎత్తుకునే తాత మెల్లగా అన్నాడు: "బిడ్డా, నీ వాద్యం మంచిగనే ఉన్నది గాని, నాకు దేవుని పేరు ఇనబడుతలేదు."

కొంతమంది దీన్ని 'పెద్దవాళ్ళకు డ్రమ్స్ నచ్చవు' అని తీసుకున్నారు. కాదు. తాత చెప్పింది రుచి గురించి కాదు, అక్షరాలా వినికిడి గురించి.

మన భాషలో అచ్చుల బలం కింది స్థాయిలో ఉంటుంది. శ, ష, స లాంటి ఊష్మాల బలం పైన, సుమారు 3000 నుంచి 8000 హెర్ట్జ్ ప్రాంతంలో, ఒక్కోసారి ఇంకా పైన ఉంటుంది. మామూలు పాత ఫోన్ కాల్‌లో సుమారు 3400 హెర్ట్జ్ దాటిన శబ్దం పోదు. అందుకే ఫోన్‌లో పేరు చెప్పేటప్పుడు "స ఫర్ సీత" అని విడదీసి చెప్పాల్సి వచ్చేది. సగం తెరిచిన హై-హ్యాట్ సరిగ్గా ఆ ప్రాంతాన్నే ఒక గోడలా నింపేస్తుంది. అప్పుడు 'శివ'లో శ మునిగిపోయి 'ఇవ' మిగులుతుంది, 'శ్రీరామ'లో 'రీరామ' మిగులుతుంది.

పైగా వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా పై స్థాయిలోనే మొదలవుతుంది. మీకు ఇరవై ఏళ్ళు కాబట్టి ఆ గోడ వెనక ఉన్న అక్షరం ఎలాగో అందుతుంది. డెబ్బై ఏళ్ళ తాతకు అందదు. ఆయనకు భజన అంటే నామమే. అది వినబడకపోతే ఆయన అక్కడ ఎందుకు కూర్చోవాలి?

తాళాలు కూడా గట్టిగానే మోగుతాయి కదా అంటారు. మోగుతాయి. కానీ చిన్నగా, మందంగా ఉండే తాళం కొన్ని స్థాయిల దగ్గరే గంటలా పలుకుతుంది. మిగతా చోటంతా ఖాళీ ఉంటుంది. ఆ సందుల్లోంచి అక్షరాలు దూరి చెవికి చేరతాయి. పల్చని వెడల్పు పళ్ళాలు అలా సందు వదలవు.

మేం ఏం చేశామంటే:

* సాహిత్యం నడుస్తున్నంతసేపు కాలి 'చిక్' మాత్రమే. పుల్ల ముట్టకూడదు.
* పల్లవి అందరూ తిరిగి పాడేటప్పుడు మూసిన 'టిక్', అదీ సన్నటి పుల్లల కట్టతో.
* సగం తెరిచిన మోత నామఘోష చివర్లో, జయజయధ్వానాలప్పుడు మాత్రమే.
* హై-హ్యాట్‌కి మైక్ పూర్తిగా తీసేశాం. పాడేవాళ్ళ మైకుల వెనక భాగం హై-హ్యాట్ వైపు ఉండేలా తిప్పాం. మామూలు గాత్రం మైక్ వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది.
* కిట్‌ను ఒక మూల నుంచి తీసి హాలు గోడకు దూరంగా, పాడేవాళ్ళకు పక్కగా జరిపాం.

తాత మళ్ళీ ముందుకొచ్చి కూర్చున్నాడు. కుర్రాడు ఇప్పటికీ వాయిస్తున్నాడు. ఇద్దరిలో ఎవరూ లేచిపోనక్కర్లేకపోయింది.

మీ చెవుల గురించి కూడా ఒక మాట. అమెరికాలోని నియోష్ సంస్థ పనిచోట సూచించే పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలే. చిన్న గదిలో డ్రమ్ కిట్ 100 దాటడం కష్టమేం కాదు. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి చూసుకోండి. ఇంట్లో ప్రాక్టీస్‌కి ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి.

7. వారం రోజుల అభ్యాసం

ఎనిమిది అక్షరాల నడక తీసుకుందాం: త క ధి మి | త క జ ణు. మన భజనల్లో ఎక్కువ భాగం ఈ నడకలో సరిపోతుంది.

మొదటి రెండు రోజులు: కిట్ ముట్టొద్దు. చేత తాళాలతో రెండు 'త'ల మీద తెరిచిన దెబ్బ, 'ధి', 'జ' మీద మూసిన దెబ్బ. నోటితో జతి ఆగకూడదు.

మూడు, నాలుగు రోజులు: అదే పని కాలితో. 'త' మీద 'ఛాఁ', 'ధి', 'జ' మీద 'చిక్'. మడమ నేల మీద ఉంచి మొదలుపెట్టండి. 'ఛాఁ'కి పాదం తాకి వెంటనే లేవాలి. ఆ వేగం రావడానికి టైమ్ పడుతుంది.

ఐదో రోజు: రాక్ అలవాటు ఉన్నవాళ్ళకు ఇది ముఖ్యం. ఆ సంగీతంలో కాలి 'చిక్' ఎక్కువగా 'ధి', 'జ' మీదే బలంగా పడుతుంది. భజన చేసేవాళ్ళ చేతులు మాత్రం 'త' మీద బరువు వేస్తాయి. మీ కాలు ఒక చోట, వాళ్ళ చేతులు ఇంకో చోట బలం చూపిస్తే, లయ తప్పకపోయినా పాడేవాళ్ళకు మెట్టు జారినట్టు ఉంటుంది. కాబట్టి బరువును 'త' మీదకు మార్చి సాధన చేయండి.

ఆరు, ఏడు రోజులు: ఎవరైనా ఒకరిని తాళాలు వేయమని, మీరు కాలితో వాళ్ళను అనుసరించండి. రెండు శబ్దాలూ ఒకటిగా వినబడి, ఏది ఎవరిదో తెలియకుండా పోవాలి. అదే పరీక్ష.

8. కొనేటప్పుడు, దాచేటప్పుడు

* భజన కోసమైతే 13 లేదా 14 అంగుళాల పల్చని, లేదా మధ్యస్థ బరువు జత. 'రాక్', 'హెవీ' అని రాసి ఉన్నవి వద్దు.
* షాపులో గట్టిగా కొట్టి చూడకండి. మెల్లగా కొట్టినప్పుడు కూడా నిండుగా పలికేదే మనకు కావాలి. షాపులో ఎవరినైనా పక్కన మాట్లాడమనండి, ఆ మాట అర్థమవుతుందో లేదో వినండి.
* సెకండ్ హ్యాండ్ అయితే అంచు చుట్టూ గోరు నడిపించండి, పగులు తగులుతుంది. మధ్య రంధ్రం గుండ్రంగా ఉందో, కడ్డీ రాసుకుని సాగిపోయిందో చూడండి.
* తాళాలను చింతపండుతో తోమడం మన ఇళ్ళలో అలవాటు. తోమాక బాగా కడిగి తుడిచి ఆరబెడితే పర్వాలేదు. హై-హ్యాట్‌ను మాత్రం అలా తోమకండి. చాలావాటికి పైన రక్షణ పూత ఉంటుంది, ముద్రించిన పేరు ఉంటుంది, రెండూ పోతాయి. వాయించాక మెత్తటి పొడిగుడ్డతో చేతి చెమట తుడిస్తే చాలు.
* డబ్బు సరిపోకపోతే ఆగండి. నాసిరకం ఇత్తడి హై-హ్యాట్ కంటే ఒక జత మంచి కంచు తాళాలు భజనకు ఎక్కువ ఉపయోగపడతాయి, ధర కూడా చాలా తక్కువ.

వచ్చే పాఠంలో చిరుతల గురించి చూద్దాం. మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు చిరుతల రామాయణం ఆడేవాళ్ళు ఆ రెండు కర్రముక్కలతో రాత్రంతా లయ ఎలా నిలబెడతారో అందులో చెబుతాను. అప్పటిదాకా రోజుకు పది నిమిషాలు తకధిమి తకజణు వదలకండి.

హరిః ఓం.